సంతకం ఎవరిది?



మా కోలారు జిల్లాలో చాలా ఇళ్లలో మాట తెలుగు, చదువు కన్నడం. నేను బడిలో పాఠం చెప్పేది కన్నడంలో, పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడేది తెలుగులో. అందుచేత ఊళ్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా చదివిపెట్టమని మా ఇంటికి తెస్తారు.

కొన్నేళ్ల కిందట ఒకామె అలాగే ఒక కాగితం తెచ్చింది. ఆమె కొడుకు ఒకప్పుడు నా దగ్గర చదివినవాడే. ఇప్పుడు ఇరవై నాలుగేళ్లవాడు. చేతులు కడగడం మొదలుపెడితే గంటసేపు ఆపలేడు. తలుపు గొళ్లెం వేశానా లేదా అని రాత్రి పదిసార్లు లేచి చూస్తాడు. బెంగళూరులో ఒక పెద్దాసుపత్రిలో వైద్యం జరుగుతోంది. అక్కడి డాక్టర్లు, తాము చేస్తున్న ఒక పరిశోధనలో చేరతారేమో ఆలోచించుకొని రమ్మని ఆ కాగితం ఇచ్చారట.

"మావోని మీద ఏదో ప్రయోగం చేస్తారంట సార్. సంతకం పెట్టాల్నా, వద్దా?" అని అడిగింది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. రెండు రోజులు గడువు అడిగాను. అప్పుడు మొదలుపెట్టి, తరువాత కూడా చదివి తెలుసుకున్న చరిత్రే ఈనాటి ప్రసంగం.

ఈ జబ్బును డాక్టర్లు ఓసీడీ అంటారు. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ అని దాని పూర్తి పేరు. వద్దనుకున్నా ఒకే తలపు మళ్లీ మళ్లీ రావడం ఇందులో ఒక భాగం. ఆ తలపు వల్ల పుట్టే భయాన్ని పోగొట్టుకోవడానికి ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయడం రెండో భాగం. మన ఇళ్లలో దీన్ని చాదస్తం అంటారు, అతిమడి అంటారు, గాలి సోకిందని తాయెత్తు కడతారు. తాను చేసేది అర్థం లేని పని అని చాలామంది రోగులకు తెలుసు. తెలిసీ ఆపలేకపోవడమే వారి బాధ.

1960ల దాకా ఈ జబ్బుకు నమ్మదగిన వైద్యం లేదు. 1966లో లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రి మనస్తత్వవేత్త విక్టర్ మేయర్ ఇద్దరు రోగుల వృత్తాంతం ప్రకటించాడు. రోగి దేనికి భయపడుతున్నారో దాని ఎదుటికే వారిని తీసుకువచ్చి, ఆ తరువాత కడగడం వంటి పనులు చేయకుండా నర్సులు పక్కనుండి ఆపేవారు. భయం పెరిగి పెరిగి, చివరకు తనంతట తానే తగ్గుతుందని రోగి అనుభవం మీద తెలుసుకోవాలన్నది అందులోని సూత్రం. ఈనాడు ఓసీడీకి చేసే ముఖ్యమైన మానసిక చికిత్సకు మూలం అదే. 1967లో స్పెయిన్ దేశపు డాక్టర్లు, దిగులు జబ్బుకు వాడే క్లోమిప్రమిన్ అనే మందు ఓసీడీకి కూడా పనిచేస్తోందని రాశారు.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. మందు మింగినవాడు కోలుకుంటే ఆ గొప్పతనం మందుదా, కాలానిదా, డాక్టరు మీద నమ్మకానిదా? తేల్చుకోవాలంటే మందు మింగినవారితో పోల్చడానికి మందు మింగనివారు కావాలి. అమెరికాలో 21 కేంద్రాల్లో 520 మంది రోగులు అందుకు ముందుకొచ్చారు. కొందరికి క్లోమిప్రమిన్, కొందరికి మందు లేని ఉత్తి మాత్ర. ఎవరికి ఏది అందుతోందో రోగికీ తెలియదు, చూసే డాక్టరుకూ తెలియదు. 10 వారాల తరువాత లెక్క చూస్తే, రెండు విడతల పరిశోధనలో మందు తీసుకున్నవారికి జబ్బు తీవ్రత సగటున నూటికి 38, 44 పాళ్లు తగ్గింది. ఉత్తి మాత్రవారికి తగ్గింది 3, 5 పాళ్లే. అమెరికా ప్రభుత్వం 1989లో ఆ మందును ఓసీడీకి అనుమతించింది. పరిశోధన ఫలితాలు 1991లో అచ్చయ్యాయి.

శ్రోతలారా, ఆ ఉత్తి మాత్ర మింగినవారిని ఒక్కసారి తలుచుకోండి. రెండున్నర నెలలు వారి బాధ దాదాపు అలాగే ఉంది. వారు ఓర్చుకోకపోతే మందు గుణం తేలేది కాదు.

బడిపిల్లల సంగతి కూడా అంతే. అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 112 మందిని 28 మంది చొప్పున నాలుగు జట్లు చేసి జరిపిన పరిశోధన 2004లో వెలువడింది. ఉత్తి మాత్ర తీసుకున్న జట్టులో 28 మందికి ఒక్కరే దాదాపు పూర్తిగా కోలుకున్నారు. సెర్ట్రలిన్ అనే మందు తీసుకున్నవారిలో ఆరుగురు, మానసిక చికిత్స పొందినవారిలో పదకొండు మంది, రెండూ అందుకున్నవారిలో పదిహేను మంది కోలుకున్నారు. ఈనాడు డాక్టరు ఒక పిల్లవాడికి మాత్రతో పాటు చికిత్సకు కూడా రమ్మంటే, ఆ మాట వెనుక ఆ 112 మంది పిల్లలున్నారు.

ఇది చరిత్రలో ఒక పక్క. రెండో పక్క కూడా చెప్పాలి. నాజీ డాక్టర్లు బందీల మీద చేసిన ఘోరాలను విచారించిన న్యూరెంబర్గ్ న్యాయస్థానం, మనిషి తానుగా ఒప్పుకోనిదే అతని మీద ఏ పరిశోధనా చేయరాదని 1947లో సూత్రం రాసింది. 1964లో ప్రపంచ వైద్యుల సంఘం హెల్సింకిలో డాక్టర్లకు నియమావళి చేసింది.

అయినా మన తెలుగునాట 2009లో ఏం జరిగింది? ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా టీకా వేసే ఒక అధ్యయనం జరిగింది. 2010లో గొడవ లేచి దాన్ని ఆపేశారు. పార్లమెంటు సంఘం 2013లో ఇచ్చిన నివేదికలో, అనుమతి పత్రాలు వేల సంఖ్యలో హాస్టల్ వార్డెన్ల సంతకాలతో ఉన్నాయని తప్పుపట్టింది. ఒక ఉపాధ్యాయుడిగా ఆ సంగతి చదివి నేను తలదించుకున్నాను. పిల్లల తరఫున సంతకం పెట్టడం మాకు అలవాటైన పనే. ఏ సంతకం మాది కాదో గుర్తించడం అలవాటు కాలేదు.

ఇప్పుడు చట్టం గట్టిగానే ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మానసిక రోగిని పరిశోధనలో చేర్చుకోవాలంటే అతని ఎరుకతో కూడిన అంగీకారం తీసుకోవాలి. కొత్త మందుల పరీక్షలకు 2019లో వచ్చిన నియమాల ప్రకారం, వివరాలు అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదవలేనివారికి ఆ పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కనుండాలి. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలి. చేరినవారు ఎప్పుడైనా మానుకోవచ్చు. మానుకున్నందుకు మామూలు వైద్యం ఆగకూడదు. సరిహద్దు జిల్లాల్లో ఉండే మనం ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది భాష సంగతి. తెలుగులో చెప్పండి అని అడగడం మొండితనం కాదు, అది మన హక్కు.

రెండు రోజుల తరువాత ఆమె వచ్చింది. "ఈ కాగితం మీవాడు చదివాడా?" అని అడిగాను. "లేదు సార్. అసలే అనుమానం మనిషి, ఇది చూస్తే ఇంకా బెదురుతాడని దాచిపెట్టినా" అంది.

"అమ్మా, నీ సంతకం వాళ్లకు అక్కరలేదు, నాదీ అక్కరలేదు. పెట్టాల్సింది అతను" అన్నాను.

అతను ఆ సాయంత్రమే వచ్చాడు. కన్నడం కాగితం తానే చదువుకున్నాడు. ఇప్పుడు మింగుతున్న మాత్ర ఆపాలా, ఉత్తి మాత్ర వస్తే ఎన్నాళ్లు, మధ్యలో జబ్బు ముదిరితే ఎవరికి చెప్పాలి, దారిఖర్చు ఎవరిది అని నాలుగు ప్రశ్నలు రాసుకొని వెళ్లాడు. డాక్టర్లు అన్నిటికీ జవాబు చెప్పారు. వారం వారం బెంగళూరు వెళితే కూలి పోతుందని చివరకు చేరలేదు. అతని వైద్యం మాత్రం ఎప్పటిలాగే సాగింది.

మరుసటి ఏడు అదే ఆసుపత్రిలో ఇంకో పరిశోధన వచ్చింది. మందులేమీ లేవు. ప్రశ్నలు అడిగి, రోగిదీ, ఇంటివారిదీ కొంచెం రక్తం తీసుకుంటారు. ఈసారి అతను సంతకం పెట్టాడు. తల్లికి కాగితమంతా తెలుగులో చదివి వినిపించారు. సాక్షిగా నేను పక్కన కూర్చున్నాను. ఆమె అంతా విని, రెండు మాటలు మళ్లీ చెప్పించుకొని, తన వేలిముద్ర తానే వేసింది.