ముక్తా సాల్వే అడిగిన డాక్టరు



ఈ వరసలో ఇప్పటిదాకా భూమి గురించీ, బడి గురించీ మాట్లాడుకున్నాం. ఈసారి కడుపు పోవడం గురించి. ఇది ఆడవాళ్ళు చాటున మాట్లాడుకునే విషయం అనుకుంటాం. కానీ మన చరిత్రలో దీనికో చోటుంది.

1855. పూణేలో ఫూలే దంపతుల బడిలో చదివిన ముక్తా సాల్వే, మాంగ్ కులపు పిల్ల. పద్నాలుగేళ్ల వయసులో మాంగ్, మహర్‌ల దుఃఖం మీద ఆమె రాసిన వ్యాసాన్ని 'జ్ఞానోదయ' పత్రిక అచ్చువేసింది. పైన కప్పు లేక, వానకూ చలికీ వణుకుతూ కనే తన ఆడవాళ్ళ గురించి అందులో రాసింది. ఆ సమయంలో జబ్బు చేస్తే డాక్టరుకు, మందులకు డబ్బు ఎక్కడిదని నిలదీసింది. అంటరాని ఆడదాని దేహానికి వైద్యం దక్కాలని ఒక అంటరాని పిల్ల అడిగిన అడుగు అది.

డబ్బున్నా డాక్టరు దొరకలేదన్న సంగతిని అంబేద్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో నమోదు చేశారు. 1929లో కాఠియావాడ్‌లో ఒక దళిత టీచరు భార్య కాన్పైన రెండు రోజులకే జబ్బుపడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. పచ్చి బాలింతను వాడ బయటికి మోసుకొస్తేనే చూస్తానన్నాడు. థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు, అతను భర్తకిచ్చాడు, భర్త భార్యకు పెట్టాడు. డాక్టరు ఆమెను ముట్టుకోలేదు. ఆమె చనిపోయింది. అది కాన్పు తర్వాతి జబ్బే, గర్భస్రావం కాదు. కానీ రక్తం పోతున్నా మనవాళ్ళు ఆసుపత్రి గడప తొక్కడానికి ఇప్పటికీ ఎందుకు జంకుతారో ఆ థర్మామీటరు చెబుతుంది.

ఆ మరణానికి ముందు ఏడాదే, 1928లో, బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లుకు అంబేద్కర్ మద్దతుగా మాట్లాడారు. తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలని వాదించారు. 1929లో అది చట్టమైంది. దేశానికంతటికీ 1961లో వచ్చిన చట్టం, కడుపు పోయిన స్త్రీకి ఆరు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలంది. ఆ ఆరు వారాలు ఆమెతో పని చేయించకూడదంది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ సెలవు ఉంది. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో రోజుకూలీకి పనిచేసే ఆడవాళ్ళకూ ప్రసూతి హక్కులు వర్తిస్తాయని 2000లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

మరి పరాయి చేలో నాట్లేసే, కలుపు తీసే, మిరపకాయలు కోసే మన అక్కకు? ఆమెకు ఆ సెలవిచ్చే యజమాని లేడు. కడుపు పోయిన మూడో రోజే చేనుకు పోతుంది. పోకపోతే ఆ రోజు కూలి లేదు.

దానికి తోడు నింద. "గ్రహణంలో బయటికెళ్లావు, దిష్టి తగిలింది, నీ కర్మ." ఇవన్నీ అబద్ధాలు. గర్భం అని తెలిసిన ప్రతి వందలో పది నుంచి పదిహేను దాకా ఇరవై వారాల లోపు వాటంతట అవే పోతాయి. ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. వాటిలో దాదాపు సగం పిండంలో క్రోమోజోముల తేడా వల్ల. అదుపులో లేని షుగర్, థైరాయిడ్, మలేరియా లాంటివి కూడా కారణం కావచ్చు. తనంతట తాను కడుపు పోవడం తప్పూ కాదు, నేరమూ కాదు.

ఇక ప్రాణం మీదికొచ్చే సంగతి. గర్భంతో ఉన్నప్పుడు రక్తం కొంచెం కనబడినా ఆ రోజే ఏఎన్ఎంకో, డాక్టరుకో చూపించాలి. కింది వాటిలో ఏ ఒక్కటున్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి:

– గంటకు రెండు ప్యాడ్లో, బట్టలో పూర్తిగా తడిసిపోతూ, వరసగా రెండు గంటలు అలాగే ఉంటే
– కళ్ళు తిరిగి పడిపోతే
– పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, లేదా భుజం కొసన నొప్పి ఉంటే. గర్భం ట్యూబులో నిలిచి పగిలితే ఇలా అవుతుంది
– జ్వరం, చలి, దుర్వాసనతో తెల్లబట్ట ఉంటే. లోపల మిగిలిన ముక్కకు చీము పట్టి ఉండొచ్చు

స్కానింగ్ లేకుండా మెడికల్ షాపులో బిళ్ళలు కొని మింగడం ప్రమాదం. గర్భం ట్యూబులో ఉంటే ఆ బిళ్ళలు పనిచేయవు, విలువైన సమయం పోతుంది. రక్తం గ్రూపు నెగెటివ్ అయితే డాక్టరుకు ముందే చెప్పాలి. యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమైతే 72 గంటల్లోపు వేయాలి.

ఆసుపత్రిలో కులం పేరుతో చేర్చుకోకపోవడం 1955 నుంచే నేరం. ప్రాణాపాయంలో ఉన్నవాళ్ళకు ముందు వైద్యం చేయడం ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లందరి బాధ్యత అని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండు మాటలూ నోటికి వచ్చిన ఒక విద్యార్థి పక్కన నిలబడితే, అడ్డం చెప్పేవాళ్ళు ఆలోచిస్తారు.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, హాస్టల్ నుంచి ఇంటికెళ్ళినప్పుడు ఈ లక్షణాలు అమ్మకూ, వదినకూ చెప్పండి. ముఖ్యంగా ఇంట్లో మగవాళ్ళకు చెప్పండి. అర్ధరాత్రి బండి తీయాల్సింది చాలాసార్లు వాళ్ళే. వ్యవసాయ కూలీలకూ ఆరు వారాల విశ్రాంతి, ఆ రోజుల కూలి కావాలన్న డిమాండును మన సంఘాల తీర్మానాల్లో చేర్చండి.

వచ్చే భాగంలో మన మంత్రసానుల గురించి.