120 ఎంజీకి ఎన్ని గీతలు?

మధ్యాహ్నం పన్నెండు దాటింది. చెన్నై ఎగ్మూరులో, హాల్స్ రోడ్డు పిల్లల ఆసుపత్రికి దగ్గర్లో ఒక మందుల షాపు ముందు మీరు నిలబడి ఉన్నారు. నెత్తి మాడుతోంది. ఆటోల హారన్ల మధ్య అరవమూ తెలుగూ కలగలిసి వినిపిస్తున్నాయి. మీ ముందున్న అమ్మాయి భుజం మీద ఏడాది నిండని బాబు, జ్వరానికి కళ్లు మూతలు పడుతున్నాయి. పొద్దున్నే వాళ్లు సూళ్లూరుపేటలో లోకల్ ట్రైనెక్కి వచ్చారు. పక్కన భర్త, చేతిలో మందుల చీటీ.

చీటీలో పారాసిటమాల్ 120 ఎంజీ అని ఉంది. బాబు బరువు 8 కిలోలు. కిలోకు 15 ఎంజీ చొప్పున లెక్క సరిపోయింది.

"అన్నా, జరం డ్రాప్సు మా దగ్గరే ఉండాయి. పోయినసారి సిరప్పు ఐదు ఎమ్మెల్ పొయ్యమన్నారు. ఇది కూడా ఐదు పోస్తే చాలదా?" అంటూ ఆ అమ్మాయి సంచిలోంచి చిన్న సీసా తీసింది.

సిరప్ అందివ్వబోతున్న షాపాయన చెయ్యి ఆగిపోయింది. "ఆగు తల్లీ, ఆ సీసా ఇట్టా ఇయ్యి."

అద్దాల బల్ల మీద మూడు సీసాలు వరసగా పెట్టాడు. మీరూ ముందుకు వంగి చూస్తారు. లేబుళ్ల మీద అక్షరాలు చీమల్లా ఉన్నాయి. మొదటి దాని మీద 5 ఎమ్మెల్‌లో 120 ఎంజీ. రెండోది 5 ఎమ్మెల్‌లో 250. ఆ అమ్మాయి తెచ్చిన డ్రాప్స్ మీద ఒక్క ఎమ్మెల్‌లోనే 100. మూడింటిలోనూ ఉన్నది ఒకటే మందు. 120 ఎంజీ కావాలంటే మొదటి సీసాలోంచి 5 ఎమ్మెల్ తియ్యాలి, రెండోదాంట్లోంచి 2.4, డ్రాప్స్ అయితే 1.2.

"ఇది ఐదు ఎమ్మెల్ పోస్తే ఐదొందల ఎంజీ అమ్మా. మీ ఆయన మింగే మాత్ర మొత్తం ఈ పసోడి కడుపులో పోసినట్టు."

భర్త గబుక్కున బాబు వైపు చూశాడు. ఆ అమ్మాయి డ్రాప్స్ సీసా మూత ఇంకోసారి బిగించింది.

మందు కొలిచే సిరంజి మీది గీతలు అది ఎంత చోటు పట్టిందో చెబుతాయి, ఎంత బరువో చెప్పవు. వంటనూనె ప్యాకెట్ మీద ఒక లీటరు, 910 గ్రాములు అని రెండూ అచ్చు వేసేది అందుకే. మందు సంగతి ఇంకో మెట్టు పైన ఉంది. 5 ఎమ్మెల్ సిరప్‌ను త్రాసులో పెడితే ఐదు గ్రాములకు పైనే తూగుతుంది. అందులో మందు 120 ఎంజీ, అంటే గ్రాములో ఎనిమిదో వంతు కూడా లేదు. మిగతాదంతా తీపి, నీళ్లు, రంగు. ఎంజీని ఎమ్మెల్‌గా మార్చే లెక్క సీసా మీద ఆ ఒక్క వరుసలోనే దొరుకుతుంది. దాన్ని పెద్ద అక్షరాల్లో వెయ్యాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

చంటిబిడ్డ ఉన్న ఇంటికి ఇప్పుడు 250 సీసా వద్దని, షాపాయన 120 సీసానే ముందుకు జరిపాడు. బాగా కుదిపాడు. మందు పొడి అడుక్కి దిగిపోతుంది. కుదపకుండా పోస్తే పైన పలచన, సీసా చివరికొచ్చేసరికి చిక్కన. అప్పుడు గీత సరిగ్గా ఉన్నా మోతాదు తప్పుతుంది. సూది లేని ఐదు ఎమ్మెల్ సిరంజిలోకి మెల్లగా లాగి, కంటికి ఎదురుగా నిలబెట్టాడు. గులాబి రంగు మందులో బుడగ ఒకటి. గోటితో రెండు దెబ్బలు కొట్టగానే పైకి తేలింది, దాన్ని బయటికి నెట్టేశాడు. "ఈ నల్ల రబ్బరు పై అంచు గీతకు ఆనాల. ముక్కులో మిగిలే చుక్క లెక్కలోది కాదు, నీళ్లు కలిపి పొయ్యబాక." ఒక్కో చిన్న గీతా 0.2 ఎమ్మెల్. ఇంట్లో చెంచాలకు ఇలాంటి గీతలుండవు, ఒకటి లోతు, ఒకటి మిట్ట. జ్వరం మందుకు చెంచా మానేసి సిరంజి పట్టడమే మేలు.

ఈలోగా వెనకనుంచి ఒక పెద్దాయన ఇన్సులిన్ సిరంజిలు అడిగాడు. "ఎర్ర మూతదా, నారింజ మూతదా సార్?" అంటూ షాపాయన ముందు ఆయన మందు సీసా చూశాడు. ఎర్ర మూత సిరంజి ఎమ్మెల్‌కు 40 యూనిట్లున్న ఇన్సులిన్‌కు, నారింజది 100 యూనిట్లున్న దానికి. ఎర్ర మూత సిరంజితో 100 మందును 20వ గీత దాకా లాగితే అది అర ఎమ్మెల్. ఒంట్లోకి పోయేది 20 కాదు, 50 యూనిట్లు. షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పొచ్చు.

ఆ అమ్మాయి ఇంకా కదల్లేదు. "ఈ సీసా అయిపోయినాక మా ఊళ్లో ఇంకో కంపెనీది ఇస్తేనో?"

షాపాయన అరలోంచి ఇంకో సీసా తీసి చేతికిచ్చాడు. 5 ఎమ్మెల్‌లో 125 ఎంజీ.

ఆమె పెదాలు కదులుతున్నాయి. భర్త ఫోన్ తీయబోతే వద్దని చెయ్యి ఊపింది. "ఒక ఎమ్మెల్‌కు ఇరవై ఐదు... నాలుక్కి నూరు... ఇంకా ఇరవై కావాల." సిరంజి మీద వేలు పెట్టి నాలుగు దాటి ఒక్కో గీతా లెక్కబెట్టింది. "నాలుగు పాయింటు ఎనిమిది. ఐదు కంటే ఒక గీత కింద. అంతేనా అన్నా?"

"అంతే."