స్క్రబ్ టైఫస్: ఒళ్లు చూడకుండా దొరకని జ్వరం

వానాకాలం మొదలై చలికాలం సగం గడిచేదాకా పీహెచ్‌సీలకు వచ్చే జ్వరాల్లో స్క్రబ్ టైఫస్ ఒకటి. దీన్ని తెచ్చేది ఓరియెన్షియా సుత్సుగముషి అనే బ్యాక్టీరియా. పొదల్లో, గట్ల మీద గడ్డిలో ఉండే చిగర్ అనే అతి చిన్న పురుగు కుడితే మనిషికి సోకుతుంది. కుట్టిన సుమారు పది రోజులకు జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు మొదలవుతాయి. కలుపు తీసేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, పశువులు కాసేవాళ్లు, బహిర్భూమికి చెట్ల చాటుకు వెళ్లక తప్పనివాళ్లు దీని బారిన పడతారు. వాళ్లెవరో మన పాఠకులకు చెప్పక్కర్లేదు.

పురుగు కుట్టిన చోట చాలామందికి సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలియదు. అది చంకలోనో, గజ్జల్లోనో, నడుం దగ్గరో, రొమ్ముల కిందో దాగి ఉంటుంది. పెచ్చు లేనంత మాత్రాన జబ్బు లేదనలేం. కనిపిస్తే మాత్రం పల్లె ఆస్పత్రిలో దానికి మించిన ఆధారం లేదు. డాక్టర్ ఒళ్లంతా చూడాలి, ముట్టుకోవాలి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో అంటరానితనంపై జరిగిన సర్వేను 2006లో పుస్తకంగా ప్రచురించారు. మూడింట ఒక వంతు గ్రామాల్లో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లకు వెళ్లడం లేదని అందులో తేలింది. గుజరాత్, రాజస్థాన్‌లలో దళిత పిల్లలపై సంఘమిత్ర ఆచార్య చేసిన అధ్యయనం, పరీక్ష చేసేటప్పుడు, మందు ఇచ్చేటప్పుడు తాకకుండా తప్పుకోవడాన్ని నమోదు చేసింది. బల్లకు అవతలి నుంచే చీటీ రాసే చోట చంకలో మచ్చ ఎవరికి కనిపిస్తుంది? ఆడవాళ్లకైతే ఇంకో అడ్డు: తెర ఉండదు, తోడుగా నర్సు ఉండదు.

ఇది నిఘా లెక్కలకూ తగులుతుంది. 2004లో మొదలైన సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం మూడు ఫారాల మీద నడుస్తుంది. లక్షణాలను బట్టి ఏఎన్ఎం నింపేది ఎస్, డాక్టర్ అనుమానంతో నింపేది పి, ల్యాబ్ నింపేది ఎల్. 2021 నుంచి ఈ సమాచారం ఆన్‌లైన్ వేదికలోకి ఎక్కుతోంది. మైదాన ప్రాంతంలో ఉపకేంద్రానికి 5,000 మంది, పీహెచ్‌సీకి 30,000 మంది జనాభా అని లెక్క. ఏఎన్ఎం వాడలోకి రాకపోతే ఎస్ ఫారంలో వాడ జ్వరం ఉండదు. కాగితం మీద మాత్రం ఊరు ఆరోగ్యంగా ఉన్నట్టే.

ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్‌లో ఏటా పిల్లల్ని బలిగొన్న మెదడువాపును ఏళ్ల తరబడి జపనీస్ ఎన్‌సెఫలైటిస్ ఖాతాలో వేశారు. తర్వాతి పరిశోధనల్లో పరీక్షించిన పిల్లల్లో ఎక్కువమందికి స్క్రబ్ టైఫస్ ఆనవాళ్లు దొరికాయి. జ్వరం దశలోనే దగ్గర్లోని ఆస్పత్రిలో మందు పడి ఉంటే చాలామందికి మెదడుదాకా వచ్చేది కాదు.

ఆ మందు ఖరీదైనదేం కాదు, డాక్సీసైక్లిన్. గర్భిణులకు అజిత్రోమైసిన్. ఐదు రోజులు దాటిన, కారణం తేలని జ్వరమైతే స్క్రబ్ టైఫస్‌ను అనుమానించాలని, ల్యాబ్ ఫలితం కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టాలని ఐసీఎంఆర్ 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ రకం ఇంజెక్షన్లు ఈ క్రిమి మీద పనిచేయవు. కూలి డబ్బులు పోసి ఆర్ఎంపీ దగ్గర అవి వేయించుకునేలోపు ఊపిరితిత్తులో, కిడ్నీలో దెబ్బతినొచ్చు. వీల్-ఫెలిక్స్ పరీక్షను పూర్తిగా నమ్మలేం. ఐజీఎం ఎలీసా మెరుగు, కానీ దాని కోసం రక్తం నమూనాను పెద్ద ల్యాబుకు పంపాలి.

మీ మండలంలో పనిచేసేవాళ్లు పీహెచ్‌సీలో అడగాల్సినవి కొన్నే. డాక్సీసైక్లిన్ నిల్వ ఉందా, పరీక్షకు తెర ఉందా, ఎలీసాకు నమూనా ఏ రోజు వెళ్తుంది, గత నెల ఎస్ ఫారంలో మన వాడ నుంచి ఎన్ని జ్వరాలు ఎక్కాయి. చివరిదానికి సున్నా అని జవాబొస్తే, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు లెక్కపెట్టి, ఆ కాగితాన్ని మెడికల్ ఆఫీసర్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి.