జిల్లా పేజీలో మన ముఖాలు

శ్రీశైలం రోడ్డు మీద ప్రమాదంలో ఎవరైనా పోయారంటే, రంగారెడ్డి జిల్లా కందుకూరులో ఫొటోగ్రాఫర్‌గా నా పని స్పాట్ ఫొటోతో అయిపోయేది కాదు. అసలు పని ఆ ఇంట్లో ఉండేది. పోయిన మనిషి ఫొటో కావాలి. చాలా ఇళ్లలో దొరికేది ఒక్కటే, గోడకు వేలాడే పెళ్లి గ్రూపు ఫొటో. దాన్ని దించి, నీడపట్టున అరుగు మీద పెట్టి, అద్దం మీద మెరుపు పడకుండా కెమెరా వంచి ఆ ఒక్క ముఖాన్నే కాపీ తీసేవాణ్ని. ఒకసారి ఒక అవ్వ, నేను తీసినంతసేపూ ఫ్రేము అంచు వదల్లేదు. "జర పైలం బిడ్డా, గిదొక్కటే ఉన్నది" అంది. మర్నాడు పేపర్లో ఆ ముఖం తపాలా బిళ్లంత వచ్చింది. ఆమె దాన్ని కత్తిరించి అదే ఫ్రేము మూలకు దోపుకుంది.

పత్రికలకు జిల్లా అనుబంధం పుట్టకపోతే ఆ ముఖం అచ్చుకెక్కేదే కాదు. తెలంగాణలో ఊళ్ల నుంచి పత్రికలు రావడం కొత్త కాదు. 1922లోనే ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి నుంచి 'తెనుగు' నడిపారు. అదే ఏడు నల్లగొండలో 'నీలగిరి' వచ్చింది. కానీ ఆ రోజుల్లో ఫొటో వేయాలంటే బ్లాకు చేయించాలి. మామూలు రైతు ముఖానికి అంత ఖర్చు ఎవరు పెడతారు? 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన 'ఈనాడు', 1989లో జిల్లాకొక చిన్న సైజు అనుబంధం పెట్టాక లెక్క మారింది. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. ప్రతిరోజూ ఆ పేజీలు నింపాలి, నింపేది మండలాలే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సారా పోరాటం పత్రికలకెక్కి, 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చేదాకా సాగింది. ఊరి ఫొటోకు ఎంత బలముందో నాకు అప్పుడే అర్థమైంది.

అప్పట్లో ఫొటో పంపడమే ఒక యజ్ఞం. ముప్పై ఆరు ఫ్రేముల రీలు. పెళ్లికి పోగా మిగిలిన నాలుగైదు ఫ్రేములే వార్తకు. స్టూడియో వెనకగదిలో ఎర్రబల్బు కింద ప్రింటు కాగితానికి డెవలపర్, ఆ తర్వాత హైపో. ప్రింటు తడి ఆరకముందే కవర్లో పెట్టి, పైన 'ప్రెస్ మ్యాటర్' అని రాసి హైదరాబాద్ బస్సు కండక్టరు చేతిలో పెట్టేవాళ్లం. ఒకసారి గది తలుపు సరిగా మూతపడక, చెరువు అలుగు పారిన రోజు తీసిన రీలంతా నల్లబడింది. ఊరంతా అలుగు దగ్గర నిలబడ్డ ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది, కాగితం మీద లేదు. ఆ బాధ పోలేదు.

2008 మార్చిలో 'సాక్షి' పత్రిక అన్ని పేజీలూ రంగుల్లో వచ్చింది. డిజిటల్ కెమెరా కొనక తప్పలేదు. ఎర్రబల్బు తీసేశాం.

ఆ తర్వాత మా మండలంలో నేను తీసినవి ఎక్కువగా భూమి ఫొటోలే. ముచ్చర్ల చుట్టూ ఫార్మాసిటీ సర్వేలు, రైతుల ధర్నాలు, 2024 ఆగస్టు 1న మీర్‌ఖాన్‌పేటలో స్కిల్స్ యూనివర్సిటీకి శంకుస్థాపన. అన్నీ తీశాను. కానీ వీటికంటే నాకు విలువైనవి పాత బిస్కెట్ డబ్బాల్లోని నెగెటివ్‌లు. మా తరం మండల ఫొటోగ్రాఫర్లందరి ఇళ్లలో ఇలాంటి డబ్బాలున్నాయి. ఫొటో కింద మా పేర్లు పడిన రోజులు తక్కువ, దానికి చింత లేదు. ఆ డబ్బాలకు చెద పట్టకముందే జిల్లా గ్రంథాలయమో ఏదైనా విశ్వవిద్యాలయమో వాటిని స్కాన్ చేయించి దాచాలని మాత్రం చేతులు జోడించి అడుగుతున్నాను.

మొన్న ఒక పెద్దాయన వచ్చాడు. పొలం పోయింది, బావి పూడ్చేశారు. ఎప్పుడో టమాటా ధర పడిపోయిన ఏడు, గట్టు మీద గంపలతో ఆయన్ని తీశానట. రెండు రోజులు వెతికితే దొరికింది. నెగెటివ్‌ను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాను. ఆయన తన ముఖం చూసుకోలేదు. వేలు పెట్టి వెనకున్న మోట బావిని చూపించి, "గిది పెద్దగ చేసియ్యి" అన్నాడు.