మిరప రాకముందు మన పెరడు

మిరపచెట్టు లేని తెలుగు పెరటిని మనమిప్పుడు ఊహింపజాలము. అయినను అది అమెరికా ఖండపు మొక్క. 1498లో వాస్కోడగామా వచ్చిన పిమ్మటనే పోర్చుగీసువారు దానిని మన దేశమునకు తెచ్చిరి. అంతకుముందు మన పూర్వుల కారమంతయు మిరియములు, పిప్పళ్లు, ఆవాలే. ఆవకాయ పేరున నేటికిని నిలిచినది ఆవయే గదా!

1509 నుండి 1529 వరకు ఏలిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో, విష్ణుచిత్తుని యింట వానకాలపు అతిథులకు వడియములు, వరుగులు వడ్డింపించెను. ఇల్లాలి కంట పొగ సోకకుండ పొయ్యిలో కొబ్బరిచిప్పలు పెట్టించిన ఆ రాజునకు వంటింటి కష్టము తెలియును. జడివానలో పచ్చికూరకు కరవు. కనుక పెరటి వంగ, దోస, చిక్కుడు వేసవిలోనే ముక్కలై, చాపలపై పెళపెళ ఎండి కుండలకెక్కవలెను. తడి యుడిగిన ముక్కకు బూజు పట్టదు. మజ్జిగలో ఊరిన మిరపకాయ ఆ చాపపై చేరుట తరువాతి మాట.