రేవు మెట్ల దగ్గర పేర్లు

ప్రియ సహోదరీ సహోదరులారా, మారిషస్ అనగానే తెల్లని ఇసుక, నీలి సముద్రం, విహారయాత్రలు గుర్తుకొస్తాయి. ఉత్తరాన గ్రాండ్ బే, నైరుతి మూలన లె మోర్న్ కొండ కింది తీరం చూడదగినవే. అయితే రాజధాని పోర్ట్ లూయిస్ రేవు పక్కన కొన్ని రాతి మెట్లున్నాయి. వాటిని చూడకుండా తిరిగి రాకూడదు. ఆ చోటు పేరు ఆప్రవాసి ఘాట్. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

1835లో ఆ దీవిలో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. 1834 మొదలు దాదాపు నాలుగున్నర లక్షలమంది మన దేశస్థులు ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. వారిలో తెలుగువారున్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరున వారిని 'కోరంగీలు' అన్నారు. దిగిన ప్రతివానికీ ఒక నంబరు ఇచ్చారు. రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, ఊరు వ్రాసుకున్నారు. తోటలో ఒక్కరోజు పని మానితే రెండు రోజుల కూలి కోసేవారు. 1867 చట్టం వచ్చాక, ఒప్పందం ముగిసినవారు కూడా ఫోటో ఉన్న పాసుతోనే తిరగాలి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతపు ప్రియులారా, ఈ కథ మనకు కొత్తదా? పాలమూరు కూలీలు దేశమంతటా ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, ముసలివాళ్ళను ఇంటి దగ్గర వదిలి వెళ్ళిన కుటుంబాలు మన సంఘాల్లోనూ ఉన్నాయి.

కరవుకు ఐగుప్తు వెళ్ళిన ఇశ్రాయేలీయులు చివరికి ఇటుకలు చేశారు. ఫరో ఇటుకలు లెక్కపెట్టాడు. దేవుడు పేర్లు జ్ఞాపకముంచుకున్నాడు. హెబ్రీ భాషలో నిర్గమకాండమునకు 'పేర్లు' అనే అర్థమిచ్చే పేరే ఉంది. అందులో ఫరో సొంత పేరు లేదు. షిఫ్రా, పూయా అనే మంత్రసానుల పేర్లున్నాయి!

కూలీలను అదుపులో ఉంచడానికి వ్రాసిన ఆ రిజిస్టర్లలోనే నేడు మారిషస్ మనుమలు తమ తాతల ఊరు వెదుక్కుంటున్నారు. మరి మన సంఘపు పుస్తకం సంగతేమిటి? రెండేళ్ళు కనబడలేదని, చందా కట్టలేదని వలసపోయినవారి పేర్లు కొట్టివేసిన కాపరులలో నేనూ ఒకడిని. అది తప్పని ఒప్పుకొంటున్నాను.

ఈ ఆదివారం ఆ పేర్లు తిరిగి వ్రాయండి. పేరుపేరున ప్రార్థన చేయండి. వారి ముసలి తల్లిదండ్రుల గడప తొక్కండి. తన గొర్రెలను పేరు పెట్టి పిలిచే కాపరి మన ప్రభువు. ఆయన మిమ్మును దీవించును గాక. ఆమేన్.