ఊదని పట్టే వేళ్లు

మా నాయనమ్మ రేపల్లె దగ్గర కలుపు కూలికి వెళ్లేది. లేత ఊద అచ్చం వరిలాగే ఉంటుంది. ఆకు మొదట్లో సన్నటి పొర ఉంటే వరి, లేకపోతే ఊద. ఆమె వేళ్లకి ఆ తేడా తెలుసు.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణ కాలవలు తెనాలి, బాపట్ల, రేపల్లె చేలని వరి మాగాణులు చేశాయి. కలుపు భారం ఆడకూలీల నడుముల మీద పడింది.

1945లో బాపట్లలో వ్యవసాయ కాలేజీ పెట్టారు. అదే ఏడాది అమెరికాలో 2,4-డి కలుపుమందు అమ్మకానికొచ్చింది. తర్వాత బ్యూటాక్లోర్ వచ్చింది. నాట్లేసిన 3-5 రోజుల్లో ఇసుకలో కలిపి, పలచటి నీళ్లలో చల్లితే కలుపు మొలకలోనే చస్తుంది. ఆలస్యమైతే పనిచెయ్యదు.

"నడుం నొప్పి పోయిందిరా, దాంతోపాటే కూలీ పోయింది" అనేది నాయనమ్మ. ఈ చరిత్రలో రెండూ నిజమే. ఊదని ఎలా గుర్తుపట్టేవాళ్లో మీ ఇంట్లో పెద్దవాళ్లని ఒకసారి అడగండి.